ఖైదీల ఆరోగ్య సంరక్షణ, జైలు నర్సింగ్: నల్లమల అంచు నుంచి

జైలులో ఉన్న మనిషి ఆరోగ్యాన్ని కాపాడటం, జబ్బు చేస్తే వైద్యం చేయించడం ప్రభుత్వ బాధ్యత. బయట ఉన్న మనిషి జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, మండల ఆసుపత్రికో తనంతట తాను వెళ్తాడు. తగ్గకపోతే డాక్టరును మారుస్తాడు. ఖైదీకి ఈ రెండు దారులూ ఉండవు. తాళం ఎవరి చేతిలో ఉందో మాత్ర కూడా వాళ్ల చేతి మీదుగానే రావాలి. ఖైదీకి అందే వైద్యం దయ కాదని, అతని స్వేచ్ఛను తీసుకున్న రాజ్యం తప్పనిసరిగా మోయవలసిన బాధ్యత అని మన న్యాయస్థానాల తీర్పులూ ఐక్యరాజ్యసమితి నియమాలూ చెప్పడానికి కారణం ఇదే.

జైలు వైద్యం గురించి రాసేవాళ్లు సాధారణంగా చంచల్‌గూడ, చర్లపల్లి లాంటి కేంద్ర కారాగారాల నుంచి మొదలుపెడతారు. నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలంలోని మనిషికి జైలు అక్కడ మొదలుకాదు. పోలీస్ స్టేషన్‌లో, అచ్చంపేట కోర్టులో, ఆ తర్వాత ఏదో ఒక చిన్న జైలు గదిలో మొదలవుతుంది. వైద్యపరంగా అత్యంత ప్రమాదకరమైన రోజులు కూడా అవే. చట్టాన్ని పెద్ద జైలును దృష్టిలో పెట్టుకుని రాశారు. మనిషి మాత్రం చిన్న జైలు గుండా నడిచి వెళ్తాడు. ఈ ఎడమే జైలు వైద్యంలో అసలు సమస్య.

బల్మూర్ నుంచి బ్యారక్ దాకా

బల్మూర్ ఒకప్పుడు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. నల్లమల అడవికి ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో చెంచు పెంటలు, లంబాడా తండాలు, వర్షం మీద ఆధారపడిన చిన్న కమతాలు, పనికోసం దూరపు పట్నాలకు పోయి వచ్చే పాలమూరు కూలీల కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడివాళ్లు జైలుకు వెళ్లేటప్పుడు ఆరోగ్యంగా వెళ్లరు. రక్తహీనత, వలసచోట అంటుకున్న దగ్గు, ఎప్పుడూ కొలిపించుకోని బీపీ, షుగరు, ఏళ్ల తరబడి అలవాటైన కల్లు, ఇవన్నీ వాళ్లతోపాటే గేటు దాటుతాయి. చాలామందికి జీవితంలో మొదటిసారి బరువు చూసేది, బీపీ పట్టేది జైలు గేటు లోపలే.

అరెస్టయిన మనిషిని ప్రభుత్వ వైద్యుడు పరీక్షించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1కి ముందు ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 54వ సెక్షన్‌గా ఉండేది. 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. రిమాండ్ విధిస్తే సబ్‌జైలుకు గానీ మహబూబ్‌నగర్ జిల్లా జైలుకు గానీ పంపుతారు. దీర్ఘకాలం శిక్ష పడితే హైదరాబాద్‌లోని కేంద్ర కారాగారాలు. స్త్రీలకైతే చంచల్‌గూడలో ప్రత్యేక మహిళా జైలు ఉంది. అంటే బల్మూర్ ఆడమనిషికి జైలు శిక్ష పడితే ఇల్లు, పిల్లలు, ములాఖత్‌కు వచ్చే తల్లి, అందరూ ఒక పూట ప్రయాణం అవతలికి పోతారు.

ఈ దారిలో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్లు కారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 75.8 శాతం విచారణ ఖైదీలు. జైళ్ల సామర్థ్యంతో పోలిస్తే ఉన్నవాళ్లు 131.4 శాతం. తెలంగాణ జైళ్లలో ఉత్తరాది రాష్ట్రాలంత రద్దీ లేదు. రద్దీ తక్కువైనంత మాత్రాన నర్సు ఉన్నట్టు కాదు.

పెద్ద జైలులో ఆసుపత్రి, పడకలు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, లేబరేటరీ ఉంటాయి. సబ్‌జైలు సంగతి వేరు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు తన పని మధ్యలో వచ్చి చూసిపోతారు. రాత్రి లాకప్ పడ్డాక ఆ ప్రాంగణంలో వైద్యం తెలిసినవాళ్లెవరూ ఉండరు. కడుపునొప్పి మామూలుదా, గుండెపోటుదా అన్న నిర్ణయం తలుపు బయట నిలబడ్డ వార్డర్ మీద పడుతుంది. అతను జైలర్‌కు చెప్పాలి, జైలర్ పైవాళ్లకు చెప్పాలి, పోలీసు ఎస్కార్ట్ రావాలి, అప్పుడు 108 బండి కదలాలి. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 108 సేవ మారుమూల తండాకు కూడా ఫోను చేయగానే బయలుదేరుతుంది. జైలు గదిలో ఉన్నవాడు ఆ ఫోను తాను చేయలేడు.

మొదటి మూడు రోజులు

పాలమూరులో జైలు నర్సింగ్ గురించి మాట్లాడాలంటే కల్లు గురించి మాట్లాడక తప్పదు. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. తెలంగాణలో చాలా చోట్ల డిపోల్లో అమ్మిన కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలిపేవారు. తాగేవాడికి ఆ సంగతి తెలియదు. అతని మెదడు మాత్రం వాటికి అలవాటు పడిపోతుంది. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలాది మంది ఒక్కసారిగా ఆసుపత్రుల పాలయ్యారు. వణుకు, మూర్ఛలు, పిచ్చిగా మాట్లాడటం, నిద్ర పట్టకపోవడం. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా రోగులు వెళ్లారు.

ఊరంతటికీ అప్పుడు జరిగింది, అరెస్టయిన ప్రతి అలవాటుపడ్డ మనిషికీ విడివిడిగా జరుగుతుంది. అరెస్టుతో కల్లు, సారా ఒక్కసారిగా ఆగిపోతాయి. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండో రోజుకు ఫిట్స్ రావచ్చు. మూడు, నాలుగు రోజుల్లో మనిషి ఎక్కడున్నాడో మరిచిపోతాడు. లేనివి కనిపిస్తాయి, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటాడు, తలుపులు బాదుతాడు. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స చేయకపోతే ప్రాణం పోతుంది. తెలియని సిబ్బందికి ఇది నాటకంలా, పొగరులా, లేదా గాలి సోకినట్టుగా కనిపిస్తుంది. అప్పుడు మందు ఇవ్వవలసిన మనిషిని కట్టేస్తారు, లేదా ఒంటరి గదిలో పెడతారు. ఆ రెండూ ప్రమాదాన్ని పెంచేవే.

దీనికి వైద్యం ఖరీదైనది కాదు. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందుల్లో తగినదాన్ని సరిపడా మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించాలి. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి; ఈ వరస తప్పితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీళ్లు, ఉప్పు, కాస్త వెలుతురున్న గది, దగ్గర ఒక మనిషి. ఇవన్నీ జరగాలంటే మొదటి రోజే ఎవరో ఒకరు సరైన ప్రశ్న అడగాలి. మర్యాదగా, బెదిరించకుండా అడగాలి. "అన్నా, దినాం కల్లు తాగుతవా? డిపోలదా, చెట్టుదా? ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?" అని తన మాటలో అడిగే నర్సుకు మనిషి నిజం చెబుతాడు. కేసు రాసే గొంతుతో అడిగితే లేదనే అంటాడు. ఒక అబద్ధపు జవాబు ఇక్కడ ప్రాణానికే ముప్పు.

రెండో ప్రశ్న ఇంటి మందుల గురించి. మూర్ఛ రోగం ఉన్నవాడు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాడు, మానసిక వ్యాధికి మాత్రలు వాడేవాడు జైలుకు వచ్చినప్పుడు ఆ మందులు భద్రత పేరుతో గేటు దగ్గర ఆగిపోతాయి. భద్రత కోసం ఆపడంలో అర్థం ఉంది. అదే మందు ఆ పూటే లోపలి నుంచి ఇవ్వకపోవడంలో అర్థం లేదు. మూర్ఛ మాత్ర రెండు రోజులు ఆగితే ఫిట్స్ తిరిగి రావచ్చు.

జైలు నర్సు చేసే పని

కొత్తగా వచ్చిన ఖైదీని గేటు లోపల మొదట చూడవలసింది నర్సే. బరువు, బీపీ, షుగరు, ఒంటి మీది దెబ్బలు, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, చనిపోవాలనిపిస్తోందా, ఆడవాళ్లయితే నెల తప్పిందా, పాలు తాగే బిడ్డ ఉందా, ఇవన్నీ రాసుకోవాలి. దెబ్బలను రాయడం చిన్న విషయం కాదు. పోలీస్ కస్టడీలో కొట్టిన గుర్తులు ఉంటే వాటికి మొదటి సాక్ష్యం ఈ రిజిస్టరే. తర్వాత ఎప్పుడైనా ఖైదీ చనిపోతే మేజిస్ట్రేట్ విచారణలో తెరిచి చూసేదీ ఇదే. కస్టడీ మరణాన్ని 24 గంటల్లోపు తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. నర్సు ఆ రోజు రాసిన నాలుగు వాక్యాల మీద ఒక కుటుంబానికి దక్కే న్యాయం ఆధారపడి ఉంటుంది.

ఆ తర్వాత రోజువారీ పని. క్షయ మందు, మానసిక వ్యాధి మందు చేతికిచ్చి మింగించి పంపాలి. కొందరు మాత్రలు దాచుకుంటారు, కొందరు బలవంతుడైన తోటి ఖైదీకి ఇచ్చేస్తారు. గజ్జి వస్తే ఒక్కరికి మందు పూస్తే లాభం లేదు. బ్యారక్‌లో అందరికీ ఒకే రోజు పూయాలి, దుప్పట్లన్నీ ఉడకబెట్టి ఎండేయాలి. పాలమూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద పడుకునే ముసలివాళ్లకు వడదెబ్బ తగలకుండా చూడాలి. నర్సుల కొరత ఉన్నచోట ఈ పనుల్లో కొన్ని చదువుకున్న ఖైదీల చేతికి వెళ్తాయి. సాయం చేయడం వరకు అది మంచిదే. మందులు పంచే అధికారం, తోటి ఖైదీల రోగాల వివరాలు చూసే వీలు మాత్రం వాళ్ల చేతికి పోకూడదు. ఎవరికి హెచ్‌ఐవీ ఉందో బ్యారక్‌కు తెలిసిన రోజున ఆ మనిషి బతుకు దుర్భరమవుతుంది.

ఈ ఉద్యోగంలో ఉన్న ఇబ్బంది మరోచోట ఉండదు. నర్సు రోగి వైపు నిలబడాలి. జీతం, గేటు, తాళాలు, భద్రత అన్నీ జైలు యంత్రాంగం చేతిలో ఉంటాయి. 1894 నాటి జైళ్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం కొన్ని శిక్షలు అమలు చేసే ముందు ఖైదీ వాటిని తట్టుకోగలడని వైద్యుడు ధ్రువీకరించాలి. ఆ శిక్షల్లో కొరడాదెబ్బలు కూడా ఉండేవి. 2015 డిసెంబర్ 17న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పాయి. శిక్షలు వేయడంలో వైద్య సిబ్బందికి ఏ పాత్రా ఉండకూడదు. వైద్యపరమైన నిర్ణయాన్ని వైద్యేతర జైలు అధికారి కొట్టివేయకూడదు. బయటి సమాజంలో దొరికే స్థాయి వైద్యమే లోపలా దొరకాలి. ఆ నియమాలకు పేరిచ్చిన మండేలాకు 1988లో పోల్స్‌మూర్ జైలులో ఉండగా క్షయ సోకింది. సకాలంలో ఆసుపత్రికి తీసుకెళ్లడం వల్ల కోలుకున్నారు.

చట్టం, తెలుగు నేల మీది కేసులు

1894 చట్టం బ్రిటిష్ పాలకులు తమ అవసరానికి రాసుకున్నది. అయినా అందులో కొన్ని గట్టి మాటలున్నాయి. ప్రతి జైలులో ఆసుపత్రి గానీ, రోగులను ఉంచడానికి తగిన చోటు గానీ ఉండాలని 39వ సెక్షన్ అంటుంది. వైద్యుణ్ని చూడాలని ఖైదీ అడిగితే ఆలస్యం చేయకుండా ఆ సంగతి చేరవేయాలని 37వ సెక్షన్ అంటుంది. నూట ముప్పై ఏళ్ల నాటి ఈ రెండు వాక్యాలు ప్రతి సబ్‌జైలులో అమలైనా చాలా ప్రాణాలు నిలుస్తాయి. కేంద్ర హోంశాఖ 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ 300 మంది ఖైదీలకు ఒక వైద్యుడు ఉండాలంటుంది. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం దేశం మొత్తానికి సగటున 775 మందికి ఒక్కరున్నారు.

ఖైదీకి హక్కులుంటాయన్న న్యాయసూత్రం రూపుదిద్దుకోవడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జైళ్ల పాత్ర పెద్దది. విశాఖపట్నం కేంద్ర కారాగారంలో ఉన్న నక్సలైటు ఖైదీలు గోడల మీద పెట్టిన విద్యుత్ తీగలను ప్రశ్నిస్తూ వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. రెండో కేసుకు మూలమైన ఘటన నల్లమలకు అవతలి వైపున జరిగింది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేస్తే ఒక విచారణ ఖైదీ చనిపోయాడు. ఆ కుటుంబం వేసిన కేసు 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టులో తేలింది. జైల్లో పెట్టిన మనిషి ప్రాణానికి రాజ్యం పూచీ అని, సార్వభౌమాధికారం పేరుతో ఆ పూచీ నుంచి తప్పించుకోలేదని కోర్టు తీర్పు చెప్పింది. అది బాంబు దాడి కేసే. కానీ తాళం వేసిన గదిలో ప్రాణం పోతే రాజ్యం జవాబు చెప్పాలన్న సూత్రం, అందని ఇన్సులిన్‌కూ అంతే వర్తిస్తుంది. అదీ ఒక చిన్న సబ్‌జైలు నుంచి పుట్టిన సూత్రం కావడం ఈ వ్యాసానికి ముఖ్యం.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి ఊడ్చే పని, మరుగుదొడ్లు కడిగే పని అప్పగించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. పారిశుద్ధ్యం ఆరోగ్యానికి పునాది. ఆ పనిని కొన్ని కులాల, సంచార జాతుల మీదికి తోసిన జైలు నియమాలు ఇన్నాళ్లూ పుస్తకాల్లో ఉండటం మనందరికీ సిగ్గుచేటు.

స్త్రీలు, జైలులో పెరిగే పిల్లలు

తల్లితో జైలుకు వెళ్లిన పిల్లలకు దేశం మొత్తం మీద వర్తించే మార్గదర్శకాలు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరున్న కేసులోనే వచ్చాయి. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జైలు నర్సింగ్‌కు సంబంధించినంతవరకు అత్యంత వివరమైన పత్రం. ప్రసవానికి కనీస వసతులు లేని జైలుకు గర్భిణిని పంపకూడదు. జైలుకు వచ్చిన స్త్రీ గర్భవతి అని అనుమానం ఉంటే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి. వీలైనంతవరకు కాన్పు జైలు బయట, ఆసుపత్రిలో జరగాలి. ఒకవేళ లోపలే జరిగితే బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టినచోటు జైలు అని రాయకూడదు. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ బిడ్డ ఖైదీ కాదు కాబట్టి తిండి, టీకాలు, చదువు, ఆట అన్నీ బయటి పిల్లలకు అందినట్టే అందాలి. తగిన వసతులు లేని సబ్‌జైలులో పిల్లల్ని ఉంచనే కూడదు.

ఆ చివరి మాటను బల్మూర్ వైపు నుంచి చదివితే చిక్కు కనిపిస్తుంది. వసతులున్నచోటికి పంపాలంటే హైదరాబాద్ పంపాలి. పంపితే బిడ్డకు వైద్యం దొరుకుతుంది, అమ్మమ్మ దూరమవుతుంది. ఈ చిక్కుకు సరైన విడుపు పెద్ద జైలు కాదు, బెయిలు. చిన్న నేరాల కేసుల్లో గర్భిణులను, బాలింతలను రిమాండుకు పంపకుండా చూడటమే అన్నింటికన్నా మంచి వైద్యం. 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు కూడా గర్భిణుల విషయంలో జైలుకు బదులు వేరే మార్గాలే మేలంటాయి.

క్షయ, మనసు

జైలు రోగాల్లో క్షయ ముఖ్యమైనది. కిటికీ తక్కువ, మనుషులు ఎక్కువ, తిండి అంతంతమాత్రం. బయటి జనాభాతో పోలిస్తే జైళ్లలో క్షయ సుమారు పది రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్న ప్రతి కొత్త ఖైదీకీ కఫం పరీక్ష చేయాలి, ఫలితం వచ్చేదాకా విడిగా పడుకోబెట్టాలి. మామూలు క్షయకు మందు ఆరు నెలలు. హెచ్‌ఐవీ పరీక్షను ఖైదీ ఒప్పుకుంటేనే చేయాలి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోలునూ గోప్యతనూ రెండింటినీ తప్పనిసరి చేసింది.

జైలు జ్వరం గోడల లోపల ఆగదని ఐరోపాకు చాలా కాలం క్రితమే తెలిసింది. 1577లో ఆక్స్‌ఫర్డ్‌లో విచారణకు తెచ్చిన ఖైదీల నుంచి వ్యాపించిన జ్వరంతో న్యాయాధికారులూ జ్యూరీ సభ్యులూ చనిపోయారు. జైళ్ల సంస్కరణకు జీవితం ధారపోసిన జాన్ హోవార్డ్ 1777లో తన ప్రసిద్ధ నివేదిక ప్రచురించి, 1790లో ఖేర్సన్‌లో టైఫస్ లాంటి జ్వరంతోనే కన్నుమూశాడు. న్యూగేట్ జైలులో స్త్రీ ఖైదీల కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై 1840లో లండన్‌లో నర్సుల శిక్షణ సంస్థ ప్రారంభించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ పాఠశాలకు అది ఇరవై ఏళ్లు ముందు. శిక్షణ పొందిన నర్సింగ్ వృత్తి మూలాల్లో ఒకటి జైలు గదుల్లోనే ఉంది.

మనసు సంగతి ఇంకా వెనకబడి ఉంది. 2022లో దేశంలోని జైళ్లలో 1,995 మంది చనిపోగా, ఆత్మహత్యలు 119. రిమాండ్ మొదటి రోజులు, బెయిలు తిరస్కరించిన రోజు, శిక్ష పడిన రోజు, ఇంటి నుంచి ఎవరూ రాని ములాఖత్ రోజు ఇవే ప్రమాద ఘడియలని జైళ్లలో పనిచేసినవాళ్లకు తెలుసు. 2023 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, ప్రమాదంలో ఉన్న ఖైదీకి తోడుగా తర్ఫీదు పొందిన మరో ఖైదీని ఉంచాలని సూచించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం ఉండాలంటుంది. తెలంగాణలో తీవ్రమైన కేసులకు ఎర్రగడ్డే దిక్కు. అదే రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి ఆధ్వర్యంలో ఖైదీల కోసం నడిచిన 'ఉన్నతి' కార్యక్రమం ఒక మంచి ప్రయత్నం. అది పెద్ద జైళ్లతో ఆగకుండా సబ్‌జైలు దాకా రావాలి.

ఆసుపత్రికి వెళ్లే దారి

జైలులో నయం కాని జబ్బుకు జిల్లా ఆసుపత్రికో, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకో పంపాలి. డాక్టరు రాసిన చీటీ ఒక్కటే దీనికి చాలదు. సాయుధ రిజర్వు పోలీసుల ఎస్కార్ట్ కావాలి. పండగ బందోబస్తు ఉంటే, మంత్రి పర్యటన ఉంటే ఎస్కార్ట్ దొరకదు. స్కానింగ్ తేదీ దాటిపోతుంది. ఆసుపత్రిలో మంచానికి సంకెళ్లు వేయడాన్ని సుప్రీంకోర్టు 1995లో తీవ్రంగా తప్పుబట్టింది. ఆ పడక పక్కన పనిచేసే నర్సు ఈ తీర్పు తెలుసుకుని ఉండాలి.

ఇటీవలి కాలంలో ఇద్దరు తెలుగువాళ్ల అనుభవం ఈ విషయాన్ని దేశం ముందు పెట్టింది. కవి వరవరరావు 2020లో మహారాష్ట్రలోని తలోజా జైలులో తీవ్రంగా జబ్బుపడ్డారు. జులైలో కొవిడ్ సోకింది. అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. బొంబాయి హైకోర్టు నవంబర్‌లో ఆయన్ను నానావతి ఆసుపత్రికి మార్చమంది. 2021 ఫిబ్రవరి 22న వైద్య కారణాలతో ఆరు నెలల బెయిలు ఇచ్చింది. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆ వైద్య బెయిలుకు గడువు తొలగించింది. అమలాపురంలో పుట్టిన ఆచార్య జి.ఎన్. సాయిబాబా పోలియో వల్ల చక్రాల కుర్చీ మీద బతికిన మనిషి. నాగ్‌పూర్ కేంద్ర కారాగారంలో ఏళ్లు గడిపారు. స్నానానికి, మరుగుదొడ్డికి ఇతరులు ఎత్తుకుని తీసుకెళ్లవలసి వచ్చిందని విడుదలయ్యాక ఆయనే విలేకరులకు చెప్పారు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో, పిత్తాశయ శస్త్రచికిత్స తర్వాత వచ్చిన సమస్యలతో మరణించారు. వాళ్ల రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండవచ్చు. చక్రాల కుర్చీకి ర్యాంపు, ముసలి ఒంటికి నర్సు అవసరమన్నది అభిప్రాయం కాదు. వాళ్ల తరఫున వాదించడానికి న్యాయవాదులు, రాయడానికి పత్రికలు ఉన్నాయి. తండా నుంచి వచ్చిన విచారణ ఖైదీ తరఫున ఆ పాత్ర జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది పోషించాలి.

జైళ్లు ఆసుపత్రులైన చోట

తెలంగాణలో రెండు పెద్ద జైళ్లు కనుమరుగై వాటి నేల ఆసుపత్రులకు పోయింది. సికింద్రాబాద్‌లోని ముషీరాబాద్ జైలు ఉన్న చోటనే 2003లో గాంధీ ఆసుపత్రి కొత్త భవనాలు తెరిచారు. 1975 డిసెంబర్ 1న నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన జైలు అదే. వరంగల్‌లో 1886 నాటి కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చి, ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, అక్కడ పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ప్రజలకు ఆసుపత్రులు కావాలి, మంచిదే. తరలివెళ్లిన ఖైదీల కుటుంబాలకు ములాఖత్ దూరమైంది. ఖైదీకి మందు తర్వాత మందు ములాఖతే కాబట్టి దాన్ని కూడా ఆరోగ్య లెక్కలోనే వేయాలి.

నిజాం కాలపు జైళ్లలో బతుకు ఎలా ఉండేదో వట్టికోట ఆళ్వారుస్వామి కథల సంపుటి 'జైలు లోపల'లో దొరుకుతుంది. ఆయన రాజకీయ ఖైదీగా చూసినవాటిలోంచి మామూలు ఖైదీలను మనుషులుగా నిలబెట్టారు. జైలు నర్సింగ్ చదివే విద్యార్థికి పాఠ్యపుస్తకం పక్కన ఆ పుస్తకం కూడా ఉండాలి.

ఎవరి చేతిలో ఉండాలి

నార్వే 1988లో, ఫ్రాన్స్ 1994లో, ఇంగ్లండ్ 2006 నాటికి జైలు వైద్యాన్ని జైళ్ల శాఖ నుంచి తీసి ఆరోగ్య వ్యవస్థకు అప్పగించాయి. 2003 మాస్కో ప్రకటనలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం చెప్పింది కూడా ఇదే దిశలో ఉంది. మన దగ్గర వైద్యులు సాధారణంగా వైద్య ఆరోగ్య శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు, కానీ లోపల పని జైలు అధికారి క్రమశిక్షణ కిందే నడుస్తుంది. పూర్తి బాధ్యత ఆరోగ్య శాఖకు ఇవ్వడమే సరైన దారి. అప్పుడు సబ్‌జైలు కూడా ఒక ఆరోగ్య ఉపకేంద్రం అవుతుంది. అక్కడికి రోజూ ఒక నర్సు రావడం ఎవరో ఒప్పుకుంటే జరిగే పనిగా కాక డ్యూటీ చార్టులో భాగంగా మారుతుంది. పాలమూరులో ఇప్పుడు ఇది కష్టమైన పని కాదు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి; గద్వాలకు 2024లో వచ్చింది. ఒకప్పుడు స్పెషలిస్టు కావాలంటే హైదరాబాద్ బస్సు ఎక్కిన జిల్లాలివి.

విడుదల రోజు

బెయిలు కాగితం సాయంత్రం వస్తుంది. మనిషి చీకటి పడ్డాక గేటు బయటికి వస్తాడు. క్షయ మందు మూడో నెలలో ఉంటే ఆ రాత్రి నుంచే అది ఆగిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీల మీద 2007లో వెలువడిన అధ్యయనం, బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో మరణించే ముప్పు సాధారణ జనం కంటే 12 రెట్లకు పైగా ఉందని తేల్చింది. అక్కడ కారణం ఎక్కువగా మత్తుమందుల మోతాదు మించడం. మన దగ్గర ఆగిపోయిన మందులు, తిరిగి మొదలైన కల్లు, ఆదుకునే మనిషి లేకపోవడం అదే పని చేస్తాయి.

విడుదలయ్యే ప్రతి రోగికీ జబ్బు వివరాలున్న కాగితం, కనీసం నెలకు సరిపడా మందులు, ఎవరిని కలవాలో రాసిన చీటీ ఇవ్వాలి. క్షయ రోగికి ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని జైలు నుంచి బల్మూర్ ఆరోగ్య సిబ్బంది పేరు మీదికి బదిలీ చేస్తే ఆశా కార్యకర్త మర్నాడే ఇంటికి వెళ్లగలదు. చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 500 రూపాయల చొప్పున 2018లో మొదలై, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలైన సాయం కూడా ఆ సంఖ్య మీదే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు రాసుకోకపోతే అది ఆగిపోతుంది. రిమాండ్ మొదటి రోజున నర్సు పూరించే కాగితంలో బ్యాంకు ఖాతా, ఊరి ఆశా కార్యకర్త ఫోను నంబరు అనే రెండు గడులు చేరిస్తే ఈ పని అప్పుడే సగం అయిపోతుంది.